బీటెక్ కొడుకు, బోరు పాయింటు, కొబ్బరికాయ

మన ఊళ్లల్ల ఇప్పుడు బీటెక్ సదివినోళ్లకు కొదవ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినంక కూలోళ్ల పిల్లలు, గొర్లు కాసేటోళ్ల పిల్లలు సుత ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కిండ్రు. ఇది చిన్న సంగతి కాదు. "గల్లీకో ఇంజనీరు" అని ఎక్కిరించేటోళ్లతోని నాకు ఎప్పటికీ పేచీనే. కానీ తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఒక్కటి అడుగుత. ఆ సదువు ఇంట్లకు వచ్చిందా, లేకపోతే సర్టిఫికెట్‌తోని బీరువాలనే పండుకున్నదా?

బోరు పాయింట్ పెట్టే నాడు చూడుండ్రి. ఒకాయన అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని చెల్కంత తిరుగుతడు. కాయ లేచి నిలబడ్డకాడ గుర్తు పెడుతరు. ఎన్కనుంచి ఫోన్ల వీడియో తీసేది ఎవరంటే, మెకానికల్ సదివిన ఇంటి కొడుకు. నీళ్లు పడకపోతే మునిగేది వాళ్ల నాయిన. రైతుల చావుల ముచ్చట వచ్చినప్పుడల్లా బోర్ల అప్పు పేరు ఎందుకు ఇనబడ్తదో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

"ఆయన పెట్టిన పాయింట్లల్ల మస్తు పడ్డయి" అంటరు. ఇంజనీరు బుర్ర పని చెయ్యాల్సింది సరిగ్గ ఇక్కడనే. మస్తు అంటే ఎన్ని? ఎన్నిట్ల? పదిట్ల ఆరు పడ్డయి అనుకుందాం. అదే శివారుల కండ్లు మూసుకొని రాయి ఇసిరి, అది పడ్డకాడ పది బోర్లు ఏస్తే ఎన్ని పడుతయి? ఆరే పడితే కాయ చేసిందేమీ లేదు. పడ్డ బోరు రోజూ కండ్ల ముందట పోస్తుంటది. ఎండిన బోరును మర్సిపోతం. (మర్సిపోతే పోయిరి గని, దాని మూతి మూసి మర్సిపోండ్రి. తెరిచిన బోర్లల్ల పసిపిల్లలు పడ్డ ముచ్చట్లు మనకు కొత్త కాదు.)

ఇది మన ఊళ్ల పిచ్చి ఒక్కటే అనుకోవద్దు. జర్మనీల మ్యూనిక్ దగ్గర 1987-88ల ఒక పెద్ద కొట్టంల పరీక్ష పెట్టిండ్రు. కింద బండి మీద నీళ్ల పైపు, మీది అంతస్తుల పుల్ల పట్టుకున్న మనిషి. పైపును అటిటు జరిపి, ఇప్పుడు ఎక్కడున్నదో చెప్పమన్నరు. ఏరి తెచ్చిన 43 మంది, మొత్తం 843 సార్లు. పరీక్ష పెట్టినోళ్లు కొందరికి ఆ శక్తి ఉన్నదన్నరు. అవే అంకెలను అమెరికా సైంటిస్టు జిమ్ ఎన్‌రైట్ మళ్లీ లెక్క చేసి, గుడ్డిగ చెప్పినా గంతే వస్తదని తేల్చిండు.

మరి భూమి లోపట ఏమున్నది? తెలంగాణల చానా మట్టుకు గ్రానైటు, దాని లాంటి గట్టి రాయే. గట్టి రాయిల నీళ్లు నిలవయి. మీది మెత్తబడ్డ మొరం పొరల, కింద రాయి పగుళ్లల్ల ఉంటయి. రెసిస్టివిటీ సర్వే అంటే ఈ పొరలను చూసుడే. భూమిల నాలుగు కడ్డీలు దిగ్గొడుతరు. రెండిట్లకెల్లి కరెంటు పంపి, మిగిలిన రెండిటి నడుమ ఓల్టేజీ కొలుస్తరు. తడి మొరంలకెల్లి కరెంటు అల్కగ పోతది, ఎండు బండల పోదు. కడ్డీల నడుమ దూరం పెంచుకుంట పోతే ఇంకా లోతు సంగతి తెలుస్తది. ఇది సుత గ్యారంటీ కాదు. బంకమట్టి ఉన్నా కరెంటు గట్లనే పోయి మోసం చేస్తది. కానీ మిషన్ తప్పితే ఎందుకు తప్పిందో ఎతకొచ్చు. కాయ తప్పితే "మీ నసీబు" అని ఆయన పైసలు తీస్కొని పోతడు.

మోటరు కాడ ఇంకో ముచ్చట. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని లావు అల్యూమినియం తీగ చుడుతరు. ఫ్యూజు పనే కరిగిపోవుడు. అది కరగకపోతే మోటరు వైండింగు కరుగుతది. స్టార్టరు డబ్బా ఇనుపది. లోపట వైరు డబ్బకు తాకి, ఎర్తింగ్ సక్కగ లేకపోతే, తడి కాళ్లతోని ముట్టినోని ఒంట్లకెల్లి కరెంటు భూమిల దిగుతది. ఈఈఈ పరీక్షల ఎర్తింగ్ మీద పేజీలకు పేజీలు రాసిన పిల్లగాడు, వాళ్ల నాయిన పొద్దుగాల్నే ముట్టే ఆ డబ్బకు ఎర్తు తీగ ఉన్నదో లేదో చూసిండా? తెగిన తీగ కనబడితే కరెంటు పని తెలిసినోళ్లను పిలిచి ఏపియ్యాలె. ట్రాన్స్‌ఫార్మర్ మీద మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు, అది లైన్‌మన్ పని.

ఇంజనీరు బుర్రకు డిగ్రీనే ఉండాలని సుత లేదు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే బడి ఇడిసిండు. వాళ్ల అమ్మ ఆసు పోస్తుండె. రోజుకు రెండు చీరెలకు ఆసు పోయాలంటే చెయ్యి 18,000 సార్లు అటు ఇటు ఆడాలె. భుజం పట్టేసేది. మల్లేశం ఆ చేతి కదలికను ముక్కలు ముక్కలు చేసి చూసిండు. ఒక్కో ముక్క మిషన్ తోని చేపిచ్చుకుంట పోయిండు. 1992ల మొదలుపెడితే 1999ల ఆసు మిషన్ సక్కగ నడిచింది. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేండ్లు ఊరోళ్లు ఏమనుకున్నరో మీరే ఊహించుకోండ్రి.

ఈసారి దసరాకు ఊరికి వచ్చినప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకొని శివారంత తిరుగుండ్రి. ఒక్కో బోరు గురించి రాయుండ్రి: ఎవరి చెల్క, ఏ సాల్ల ఏసిండ్రు, ఎన్ని ఫీట్లు, మొరం ఎందాక వచ్చింది, నీళ్లు ఎన్ని ఫీట్లకు తగిలినయి, పాయింట్ ఎవరు పెట్టిండ్రు, ఇప్పుడు పోస్తున్నదా లేదా. ఎండిన బోర్లను ముందు రాయుండ్రి. అడగంది వాటి ముచ్చట ఎవరూ చెప్పరు.