కన్ను రూపుదిద్దుకొనే తీరు: కణబలాలు, స్వయంవ్యవస్థీకరణ

వ్యాససంగ్రహం:
అవయవాల ఆకారం జన్యువులలో ముందే గీసిన నక్షా అనే భావన పాఠ్యపుస్తకాల భాషలో స్థిరపడింది. ఆకారం ఏర్పడడంలో కణాల నడుమ పనిచేసే భౌతికబలాల పాత్రను కన్ను ఆధారంగా వివరించడం, దానికి తగిన తెలుగు వ్యక్తీకరణను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: కణజాలం, భౌతికబలం, స్వయంవ్యవస్థీకరణ, నేత్రపాత్ర, శాస్త్రపరిభాష.

1. ప్రస్తావన:
జీవుల ఆకృతిని భౌతికబలాలతో వివరించాలని 1917లో డార్సీ థాంప్సన్ ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనకు ప్రయోగశాలలో బలమైన నిదర్శనంగా నిలిచింది కన్ను. పిండదశలో కంటి మొగ్గ ముందు ఉబ్బి, తరువాత లోపలికి ముడుచుకొని గిన్నె ఆకారం పొందుతుంది. దీనినే నేత్రపాత్ర అనవచ్చు. ఈ ముడతకు పక్కనున్న కటకభాగం అవసరమని చాలాకాలం భావించారు.

2. బలాల పని:
2011లో జపాన్ శాస్త్రవేత్త యోషికి ససాయి బృందం చిట్టెలుక పిండమూలకణాలను పోషకద్రవంలో పెంచింది. అక్కడ కటకం లేదు. అయినా నేత్రపాత్ర ఏర్పడింది. ముందుగా, కణాలను బిగించే మయోసిన్ చర్య మొగ్గ కొనభాగంలో తగ్గి, ఆ పొర మెత్తబడింది. తరువాత దాని అంచున ఉన్న కణాలు ఒకవైపు సన్నబడి మడతకు చోటిచ్చాయి. చివరగా కణవిభజన వల్ల విస్తరించిన పొర లోపలికి వంగింది. మయోసిన్ తయారీకి జన్యువు కావాలి. వంపు మాత్రం ఆ పొరలోని సడలింపు, ఒత్తిడుల ఫలితం.

3. హైదరాబాదు పరిశోధన:
2017లో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పరిశోధకులు మానవ మూలకణాల నుండి సూక్ష్మ శుక్లపటలాలను పెంచారు. కణగుచ్ఛాలు తమంతట తాము అమరి, 15 వారాల్లో దశలవారీగా కనుగుడ్డును పోలిన చిన్న నిర్మాణాలయ్యాయి. ఒక కంటి శుక్లపటలపు మూలకణాలు దెబ్బతింటే రెండవ కంటి నుండి తీసుకోవచ్చు. రెండు కళ్లూ దెబ్బతిన్నవారికి ఆ అవకాశం లేదు. అటువంటివారికి ఈ సూక్ష్మ శుక్లపటలాలు ప్రత్యామ్నాయ కణజాలాన్ని అందించగలవని ఆ పరిశోధన సూచించింది.

4. భాషాపరమైన పరిశీలన:
'కన్ను నిర్మింపబడును' అన్న కర్మణిప్రయోగం కనిపించని ఒక శిల్పిని ఊహింపజేస్తుంది. తెలుగులో 'కొను' అనుప్రయుక్తం ఈ సందర్భానికి సహజంగా సరిపోతుంది: పొర ముడుచుకొన్నది, కణాలు అమర్చుకొన్నాయి, కన్ను రూపుదిద్దుకొన్నది. క్రియ ఫలం కర్తకే చెందుతుందని ఈ రూపం తెలుపుతుంది.

5. ముగింపు:
జన్యువు పదార్థాన్ని సమకూరుస్తుంది. కణాల పరస్పర బలాలు దానికి ఆకృతినిస్తాయి. ఈ రెండింటినీ కలిపి చెప్పడానికి కొత్త పారిభాషిక పదాలు మాత్రమే చాలవు. సరైన క్రియారూపాన్ని ఎంచుకోవడం కూడా శాస్త్రవివరణలో భాగమే.