నాటు ముగిసింది.. నడుముకు కాస్త విశ్రాంతి

పొద్దంతా మడిలో వంగి నాటు వేసిన మనిషి రాత్రి పడుకున్నా నడుము పడుకోదు. కోరుట్ల దగ్గర ఒక కైకిలి అక్కను అడిగితే "పండుకుంటె నొప్పి, లేస్తె నొప్పి. గోలీ మింగి మళ్ల పొలానికి పోవుడే" అన్నది. జగిత్యాల, కోరుట్ల వైపు వరి నాట్లు అయిపోతే మొక్కజొన్న కలుపు, ఆ తర్వాత పసుపు తవ్వకం, ఉడకబెట్టడం. సిరిసిల్ల వైపు చాలా ఇళ్లలో ఎకరం పొలానికి తోడు సాంచాల పనో, బీడీల పనో ఉంటుంది. సాంచా దగ్గర నిలబడేవారికి కాళ్లు గుంజుతాయి. బీడీలు చుట్టే ఆడవారికి మెడ, భుజాలు పట్టేస్తాయి. వీటి మీద అప్పు రంది ఒకటి. ఒళ్లు అలసినా కన్ను మూతపడదు. రోజూ నొప్పి గోలీలు మింగితే కడుపు, కిడ్నీలు చెడుతాయి.

యోగా మాట ఎత్తితే "పొలంల చేసేది చాలదా, మళ్ల ఆసనాలా?" అంటారు రైతులు. న్యాయమైన మాటే. జూన్ 21న యోగా దినం జరుపుతున్నారు, 2015 నుంచి. అది మృగశిర పోయి ఆరుద్ర వచ్చే వేళ. విత్తనం చేతిలో ఉన్న రైతుకు ఆ పొద్దు తీరిక ఎక్కడిది?

అయితే ఇక్కడ చెప్పేది కసరత్తు కాదు. ఒంటిని దేనికైనా ఆనించి ఊరికే ఉంచడం. పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ (1918-2014) దుప్పట్లు, బెల్టులు, కుర్చీలు ఆసరా పెట్టి ముసలివారితో, జబ్బుపడినవారితో కూడా ఆసనాలు వేయించారు. ఈ పద్ధతి చాలావరకు అక్కడి నుంచి పెరిగిందే. మనకు గోనెసంచి, బొంత, మంచం, గోడ ఉంటే చాలు. కొనేది ఏమీ లేదు.

గోడకు కాళ్లు

పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక, తినకముందే చేయాలి. తిన్నాకైతే రెండు మూడు గంటలు ఆగాలి. గోడ పక్కన గోనెసంచి, దానిపై బొంత పరచాలి. గోడకు పక్కగా కూర్చుని, వెల్లకిలా ఒరుగుతూ కాళ్లు గోడ మీదికి ఎత్తాలి. పిరుదులు గోడకు జానెడు దూరంలో ఉన్నా ఫరవాలేదు. మోకాళ్లు కొంచెం వంగినా తప్పులేదు. చేతులు పక్కకు వదిలేయాలి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పది దాకా పోవచ్చు. బురదలో నిలబడి వాచిన కాళ్లు తేలికవుతాయి. దిగేటప్పుడు తొందర వద్దు. మోకాళ్లు మడిచి కుడి పక్కకు తిరిగి, కాసేపు ఆగి, చేయి ఊని లేవాలి. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి.

గోడకు ఎత్తడం కష్టమైతే కింద పడుకుని పిక్కలు మంచం మీద పెట్టండి. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. బండి మీద ఊళ్లు తిరిగి పట్టేసిన నడుము దీనితోనే సదురుకుంది.

పడుకునే ముందు మోకాళ్ల కింద చుట్టిన దుప్పటి పెట్టి వెల్లకిలా పడుకోవాలి. నడుము కింది బరువు తగ్గుతుంది. కళ్ల మీద తువ్వాల వేసుకోవాలి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. బిగపట్టొద్దు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె దడ నెమ్మదిస్తుంది. మొదటి నాలుగు రోజులు "ఇదేం పని" అనిపిస్తుంది, మానొద్దు.

వీరు జాగ్రత్త

బీపీ అదుపులో లేనివారు, గుండె జబ్బు, గ్లకోమా ఉన్నవారు గోడకు కాళ్లు ఎత్తొద్దు. నెలలు నిండుతున్న గర్భిణులు వెల్లకిలా కాక ఎడమ పక్కకు పడుకోవాలి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. మందు కొట్టి వచ్చాక వాంతులు, చెమటలు, చూపు మసక వస్తే ఆసనాల జోలికి పోక, డబ్బా పట్టుకుని ఆస్పత్రికి పోవాలి.

2020 నుంచి కట్టిన రైతు వేదికల్లో సాయంత్రం ఒక పూట ఎవరైనా తెలిసినవారితో ఇవి చేసి చూపిస్తే బాగుంటుంది. విత్తనం, ఎరువు మాటలతోపాటు నడుము మాట కూడా రావాలి కదా.

కాళ్లు గోడకు ఎత్తితే అప్పు తీరదు, ఆ సంగతి మనకూ తెలుసు. రాత్రుళ్లు రంది మరీ ఎక్కువై బతుకు మీద విరక్తి పుడితే మాత్రం ఇంట్లో చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు ఇది. పైసా ఖర్చు లేదు. అర్ధరాత్రి చేసినా తెలుగులో మాట్లాడుతారు.