పొలానికి దారి మూసేశారా? పంచాయితీలంటూ రెండేళ్లు తిరిగితే హక్కే పోవచ్చు!

ముద్దనూరు నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. ఎటు వెళ్లినా మెయిన్ రోడ్డు దిగితే అన్నీ పొలం దోవలే. నల్లరేగడిలో శనగ కోత మిషన్ దిగాలన్నా, తోటలో చీనీ కాయలు లారీకి చేరాలన్నా ఆ దోవే దిక్కు. అలాంటి దారికి పక్క రైతు ఓ పొద్దున ముళ్లకంప వేశాడనుకోండి. లేదా రాతి కూసాలు పాతి కంచె కట్టాడనుకోండి. "తాతల నాటి నుంచి ఇదే దోవ" అని వీళ్లంటారు. "పట్టా నా పేరు మీద ఉంది" అని వాళ్లంటారు.

ఇద్దరి మాటా నిజమే కావొచ్చు. భూమి ఒకరిది, దాని మీదుగా వెళ్లే హక్కు ఇంకొకరిది అయ్యే వీలు చట్టంలో ఉంది. దీన్నే ఈజ్‌మెంట్ అంటారు. ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్ 1882 జులై 1న అమల్లోకి వచ్చింది. మొదట్లో అది వర్తించిన కొద్ది ప్రాంతాల్లో మద్రాస్ ప్రెసిడెన్సీ ఒకటి. కడప జిల్లా అప్పుడు అందులోనే ఉంది కాబట్టి ఇక్కడ ఈ చట్టం కొత్తదేం కాదు.

ముందుగా చూడాల్సింది ఆ దారి అసలు ప్రైవేటుదా కాదా అని. గ్రామ మ్యాప్‌లో, ఎఫ్ఎంబీలో రస్తా అనో బండి దారి అనో గుర్తు ఉంటే అది అందరి దారి. తహసీల్దార్‌కు అర్జీ పెట్టొచ్చు. గుర్తు లేకపోతేనే అసలు కథ మొదలవుతుంది.

అన్నదమ్ముల భాగాల్లో..

ఉదాహరణకు అన్నకు రోడ్డు పక్క పొలం, తమ్ముడికి వెనకాల బోరున్న పొలం వచ్చాయనుకుందాం. తమ్ముడికి అన్న చేను దాటడం తప్ప వేరే మార్గమే లేకపోతే, పత్రంలో రాయకపోయినా సెక్షన్ 13 కింద దారి హక్కు ఉంటుంది. అయితే ఎటునుంచి దారి ఇవ్వాలో నిర్ణయించే అవకాశం ముందు అన్నదే. అది తమ్ముడికి తగినంత అనుకూలంగా ఉండాలంతే. అన్న చూపించకుండా మొండికేస్తే అప్పుడు తమ్ముడే దారి ఎంచుకోవచ్చు.

కానీ "ఇటైతే దగ్గర" అంటే కుదరదు. వేరే దారి ఉంటే అది అవసరం కాదు, సౌకర్యం మాత్రమే. రేపు వెనకవైపు కొత్త రోడ్డు పడితే ఈ హక్కు పోతుంది కూడా. అదే పత్రంలో రాసి ఇచ్చిన దారైతే, అవసరం తీరిపోయినా హక్కు పోదని తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. భాగాల పత్రంలో ఒక్క లైన్ రాయించుకోవడానికి బద్ధకించొద్దనేది అందుకే.

20 ఏళ్లు నడిస్తే చాలా?

చాలదు. సెక్షన్ 15 ప్రకారం 20 ఏళ్లు గొడవ లేకుండా, బహిరంగంగా, అంతరాయం లేకుండా, 'ఇది నా హక్కు' అన్నట్టు వాడి ఉండాలి. ప్రభుత్వ భూమి మీదుగా అయితే 30 ఏళ్లు. "అన్నా, ఈసారికి నీ చేలోంచి బండి తోలుకుంటా" అని ఏటా అడిగి వెళ్లారంటే అది అనుమతి కిందికే వస్తుంది, హక్కు కాదు. మర్యాదగా అడిగినవాడికే నష్టమా అంటే.. ఈ విషయంలో అవును!

2024 ఏప్రిల్‌లో ఓ 20 అడుగుల రోడ్డు కేసులోనూ సుప్రీంకోర్టు ఇలాగే తేల్చింది. 'చాలా ఏళ్లుగా' వాడుతున్నామంటే 20 ఏళ్లు అని అర్థం కాదంది.

ఎక్కువ మంది దెబ్బతినేది మాత్రం ఇంకో చోట. ఆ 20 ఏళ్ల వాడకం కోర్టులో దావా వేయడానికి ముందు రెండేళ్లలోపు వరకూ సాగి ఉండాలి. కంచె వేశాక పెద్దమనుషుల చుట్టూ మూడేళ్లు తిరిగి, అప్పుడు కోర్టుకెళ్తే ఈ సెక్షన్ కింద కేసు నిలవడం కష్టం. అడ్డు గురించి తెలిసి ఏడాది పాటు ఒప్పుకుని ఊరుకున్నా అంతరాయం కిందే లెక్క. అందుకే మొదటి వారంలోనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పి, కాపీ దాచుకోవాలి.

గొడవ ముదిరి కొట్లాట దాకా వస్తే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 166 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ విచారణ చేయొచ్చు. ఏడాది పొడవునా వాడే దారైతే, మేజిస్ట్రేట్‌కు సమాచారం అందడానికి ముందు మూడు నెలల్లో వాడి ఉండాలి. కోతలప్పుడే వాడే దారైతే గత సీజన్‌లో వాడినా సరిపోతుంది. హక్కు ఎవరిదో చివరికి తేల్చేది సివిల్ కోర్టే. కంచె తీయించమని, కేసు తేలేదాకా దారి ఆపొద్దని అక్కడే అడగాలి. పాత పత్రాల్లో హద్దుల దగ్గర 'దారి' అన్న మాట, తేదీలున్న ఫొటోలు, చుట్టుపక్కల రైతుల సాక్ష్యం పనికొస్తాయి.

భూమి యజమానికీ రక్షణ ఉంది. ఒక రకం దారి హక్కులోకి ఇంకో రకం రాదని సెక్షన్ 28 చెబుతోంది. గట్టు మీద నడిచే హక్కు ఉన్నంత మాత్రాన ట్రాక్టర్ తోలే హక్కు వచ్చినట్టు కాదు.