లేని ఇంటికి పేరేం పెడదాం?

కొత్త ఇంటికి పేరు పెట్టాలంటేనే ఇంటిల్లిపాదీ వారం రోజులు తర్జనభర్జన పడతారు. మరి అసలు లేనే లేని ఇంటికైతే? ఊహల్లో తిరిగే వీరులకు ఊహల్లోనే ఓ స్థావరం, దానికి బల్గేరియా జానపద కథల్లోంచి ఓ పేరు... సరదాగానే ఉంటుంది. కానీ అక్కడి పేర్లు ఊరికే రావు. ఒక్కోటీ ఓ షరతును వెంటబెట్టుకుని వస్తుంది!

నలుగురైదుగురు మిత్రులు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు కథ చెబుతుంటే మిగిలినవాళ్లు అందులో పాత్రలైపోతారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె, మరొకరు ఎలాంటి తాళాన్నైనా తీసే దొంగ. వదిలిన బాణం తగిలిందా లేదా తేల్చేది ఇరవై ముఖాల పాచిక. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ తరహా ఆటలు ఊపందుకున్నాయి. ఒక్కో కథ నెలల తరబడి, కొన్నయితే ఏళ్ల తరబడి సాగుతాయి. అన్నాళ్లు అడవులూ గుహలూ పట్టి తిరిగేవాళ్లకు గాయాలు కట్టుకోవడానికీ, దొరికిన నిధి దాచుకోవడానికీ ఓ చోటు ఉండాలి కదా! కోట, సత్రం, పాడుబడ్డ మిల్లు... ఏదైనా సరే. 2024లో వచ్చిన ఈ ఆట మార్గదర్శక గ్రంథంలో ఇలాంటి స్థావరాలకు ప్రత్యేకంగా నియమాలే రాశారు.

చిక్కల్లా పేరుతోనే. 'నల్లకోట', 'డ్రాగన్ గుహ' లాంటివి వినీ వినీ అందరికీ విసుగొచ్చేశాయి. స్లావులు, థ్రేసియన్లు, తురుష్కులు తలా ఓ కథ వదిలివెళ్లిన బల్గేరియా నేల మీద మాత్రం పేర్లకు కొదవలేదు.

పొయ్యి దగ్గరి పెద్దాయన

ముందుగా చెప్పుకోవాల్సింది 'స్టొపాన్' గురించి. ఆ మాటకు అర్థం యజమాని. ఒకప్పుడు ఆ ఇంట్లో మంచిగా, ధైర్యంగా బతికిన పూర్వీకుడే చనిపోయాక ఇంటికి కాపలాగా ఉంటాడని అక్కడి పల్లెల నమ్మకం. మన ఇలవేల్పు లాంటివాడన్నమాట. ఆయన ఉండేది పొయ్యి దగ్గర. పిల్లల్నీ పంటనీ కాపాడతాడు. అందుకు ప్రతిగా ఇంటివాళ్లు ఆయన పేరిట విందు చేయాలి. మరిచిపోతే అలుగుతాడు. కొన్నిచోట్ల ఇంటి దగ్గర తిరిగే పామునే స్టొపాన్‌గా భావించి చంపకుండా వదిలేసేవారు.

స్థావరానికి 'స్టొపానోవా కష్తా' అని పెట్టుకోవచ్చు. 'కష్తా' అంటే ఇల్లు. మన చెవికి కష్టంలా వినిపిస్తే అది వేరే సంగతి! ఈ పేరు పెట్టుకున్న బృందం సాహసం నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ పొయ్యి దగ్గర ఓ ముద్ద తీసిపెట్టాలి. ఆటలో ఎవరి పాత్రైనా చనిపోతే? ఏడాదిపాటు ప్రాణంపెట్టి ఆడిన పాత్ర పోతే ఆ ఆటగాడికి నిజంగానే బాధేస్తుంది. ఆ వీరుడే ఇంటికి స్టొపాన్ అయితే? పోయినవాడు పోకుండా పొయ్యి దగ్గరే ఉండిపోతాడు.

నీడను కొలిచే మేస్త్రి

రెండోది కాస్త భయపెట్టే పేరు... 'తలాసమ్'. వంతెనో పెద్ద భవనమో గట్టిగా నిలవాలంటే దానికో ప్రాణం కావాలని బాల్కన్ ప్రాంతమంతటా కథలున్నాయి. దారిన పోయేవాడి నీడను మేస్త్రి గుట్టుగా తాడుతో కొలిచి, ఆ తాడును గోడలో పెట్టి కట్టేస్తాడు. నలభై రోజుల్లో ఆ మనిషి చనిపోయి, ఆ కట్టడానికి కాపలా కాసే తలాసమ్‌గా మారతాడు. అన్నట్టు ఈ మాట తురుష్కుల నుంచి వచ్చింది. ఉర్దూలోని 'తిలిస్మ్', ఇంగ్లిషులోని 'టాలిస్మన్' దీనికి చుట్టాలే.

కొన్ని కథల్లో నీడ చాలదు, మనిషే కావాలి. క్యుస్తెందిల్ పట్టణానికి దగ్గర్లో నెవెస్తినో అనే ఊరుంది. అక్కడ స్ట్రుమా నది మీద 1470లో కట్టిన రాతి వంతెన 'కాదిన్ మోస్త్' ఇప్పటికీ నిలిచి ఉంది. ముగ్గురు అన్నదమ్ములు ఎంత కట్టినా వంతెన నిలవలేదట. మర్నాడు ఎవరి భార్య ముందుగా భోజనం తెస్తే ఆమెను గోడలో పెట్టి కట్టేయాలని ఒట్టు వేసుకున్నారు. పెద్దవాళ్లిద్దరూ ఇంటికెళ్లి భార్యల చెవిన వేసేశారు. మాట మీద నిలబడింది చిన్నవాడొక్కడే. బలైపోయింది అతని భార్య. పాలు తాగే తన బిడ్డ కోసం గోడలో కాస్త సందు వదలమని ఆమె వేడుకుందని చెబుతారు. 'నెవెస్తా' అంటే పెళ్లికూతురు, కోడలు. ఊరి పేరు ఆ మాట నుంచే!

తెలుగువాళ్లకు ఈ కథ వినగానే ముసలమ్మ గుర్తుకొస్తుంది. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన ఆ ఇల్లాలూ చిన్న కోడలే. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం ఆమె గురించే.

స్థావరానికి తలాసమ్ పేరు పెడితే కథ చెప్పేవాడి చేతికి ఓ ప్రశ్న దొరికినట్టే. ఈ గోడల్లో ఉన్న నీడ ఎవరిది? ఒట్టు తప్పిన అన్నలెవరు? ఒకరినొకరు నమ్ముకుని ఆడే బృందానికి ఇంతకన్నా సూటిగా తగిలే ప్రశ్న ఏముంటుంది!

అందం... ఆపద

అందమైన పేరే కావాలంటే సమోదివలున్నారు. తెల్లటి దుస్తులు, విరబోసుకున్న జుట్టు, రాత్రంతా కొండల మీద నాట్యం. వాళ్లు ఆడిన చోటును 'సమోదివ్‌స్కో హొరిష్తె' అంటారు. వినసొంపుగానే ఉంది కానీ అది సొంత ఇంటికి పెట్టుకునే పేరు కాదు. తెలియక అక్కడ నిద్రపోయినవాడు రోగంతో లేస్తాడని కథ. పరాయిచోట అతిథిగా ఉంటున్నామని ఒప్పుకునే బృందానికే అది నప్పుతుంది.

'జ్మేయ్' అలా కాదు. డ్రాగనే అయినా ఊరికి కాపలాదారు. నీళ్లను అడ్డగించి పొలాలను ఎండబెట్టే 'లామ్యా' అనే పలుతలల రాక్షసితో పోరాడతాడు. ఆ పోరాటమే ఉరుములూ మెరుపులూ అంటారు. స్లివెన్ దగ్గర 'జ్మేయెవి దుప్కి' అనే గుహ నిజంగానే ఉంది. అంటే జ్మేయ్ బొరియలని అర్థం. అయితే జ్మేయ్ మనసుపడిన అమ్మాయి చిక్కి శల్యమైపోతుందట. కాపాడేవాడి నీడలోనూ ప్రమాదం ఉందన్నమాట.

ఎవరికంటా పడకుండా దాక్కోవాలా? 'తిలిలెయ్‌స్కి' అడవులున్నాయి. కోడి కూత వినపడని, మనిషి జాడ లేని ఆ చోటికే మంత్రాలు చదివి రోగాలను పంపించేసేవారు. మన 'కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి' అన్నమాట. దాక్కోవడానికి బాగుంటుంది. కానీ ఊళ్లన్నీ తరిమేసిన కష్టాలే అక్కడ పొరుగువాళ్లు!

ఊరికే రాని పేర్లు

ఇవన్నీ ఆటబొమ్మల్లా కనిపించొచ్చు. కానీ వీటిని పాటల్లోంచి ఏరి కాగితం మీద పెట్టడానికి కొందరు జీవితాలే ధారపోశారు. ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని స్ట్రుగాలో పుట్టిన దిమితర్, కాన్‌స్తాంతిన్ మిలాదినోవ్ సోదరులు ఆరొందలకు పైగా జానపద గీతాలు సేకరించారు. 1861లో జాగ్రెబ్‌లో అవి పుస్తకంగా వెలువడ్డాయి. తురుష్క ప్రభుత్వం అన్నను అరెస్టు చేసింది. అతణ్ని విడిపించాలని వెళ్లిన తమ్ముడూ జైలు పాలయ్యాడు. 1862లో ఇద్దరూ ఇస్తాంబుల్ చెరసాలలోనే కన్నుమూశారు.

ఆ సంప్రదాయం పుస్తకాల్లోనే ఆగిపోలేదు. పెర్నిక్‌లో 1966 నుంచి జరుగుతున్న 'సుర్వా' వేడుకలో జనం బొచ్చు వేషాలు, భయంకరమైన ముసుగులు వేసుకుని, నడుముకు గంటలు కట్టుకుని దుష్టశక్తులను తరుముతారు. ఆ ప్రాంతపు సురోవా పండగను 2015లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

అందుకే పేరు ఎంచుకునే ముందు బృందం మూడు ప్రశ్నలు వేసుకుంటే మంచిది. అందరికీ నోరు తిరుగుతుందా? ఆ పేరు వెనకున్న కథ అందరికీ తెలుసా? అది అడిగే బాకీ తీర్చడానికి సిద్ధమేనా? మూడింటికీ అవునంటే ఇక ఆలస్యమెందుకు, పాచిక వేసేయొచ్చు. స్టొపాన్ ముద్ద మాత్రం మరిచిపోకూడదు సుమా!