ఫైలు వెంట అనుమతి వెళ్తుందా?

పత్తి వ్యాపారానికి ఆదోని, చేనేతకు ఎమ్మిగనూరు పేరుమోసిన ఊళ్లు. ఆదోనిలో సర్వరు, ఎమ్మిగనూరులో శాఖ ఉన్న ఒక పత్తి వ్యాపార సంస్థను ఊహించుకుందాం. కూలీల బ్యాంకు ఖాతాల ఫైలును అకౌంటెంటు మార్చవచ్చు, అకౌంట్స్ విభాగంవాళ్లు చదవవచ్చు, మిగతావాళ్లు తెరవకూడదు. లినక్స్ సర్వరు ఈ కట్టుబాటును 640 అని రాసుకుంటుంది. చదవడానికి 4, మార్చడానికి 2, ప్రోగ్రాముగా నడపడానికి 1. మొదటి అంకె యజమానిది: 4, 2 కలిపి 6. రెండోది బృందానిది: 4. మూడోది ఇతరులది: 0.

ఈ 640 ఫైలు లోపల ఉండదు. డిస్కును నిర్వహించే ఫైల్‌సిస్టం ప్రతి ఫైలుకూ విడిగా రాసుకునే వివరాల్లో ఉంటుంది. పెన్‌డ్రైవుల్లో తరచూ కనిపించే ఎక్స్‌ఫ్యాట్‌లో యజమాని పేరుకు గానీ, ఈ అంకెలకు గానీ చోటే లేదు. అందులోకి కాపీ చేస్తే ఖాతా నంబర్లన్నీ పొల్లుపోకుండా వెళ్తాయి, 640 మాత్రం ఆగిపోతుంది. ఆ ఫైలును మళ్లీ సర్వరుకు ఎక్కించినప్పుడు 644 వచ్చిందంటే, ఫోల్డరు అడ్డుకోకపోతే సర్వరులో ఖాతా ఉన్న ప్రతివారూ దాన్ని చదవగలరు.

నెట్‌వర్కులో చిక్కు మరో రకం. నెట్‌వర్కు మీదుగా ఫైళ్లు పంచుకోవడానికి సన్ సంస్థ 1984లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ తొలి నుంచీ మనిషిని సంఖ్యతోనే గుర్తించింది. ఆదోనిలో 1001 అకౌంటెంటు, ఎమ్మిగనూరు కంప్యూటరులో 1001 మరొకరు కావచ్చు. రెండు ఊళ్లలో ఒకే డోరు నంబరు ఉన్నంత మాత్రాన ఇల్లు ఒకటి కాదు కదా! అందుకే 2000లో వచ్చిన నాలుగో వెర్షను యజమానిని పేరు, డొమైన్‌తో చెప్పే పద్ధతి తెచ్చింది.

విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక్కొక్కరికీ విడివిడిగా అనుమతి, నిషేధం రాసే జాబితా ఉంటుంది. అంత వివరం మూడంకెల్లో ఇమడదు. ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా అనే సాఫ్ట్‌వేరు ఈ రెండింటి మధ్య వారధి. తగినట్టు అమర్చితే, విండోస్ జాబితాను లినక్స్ ఫైలుకు అదనపు లక్షణంగా జోడించి దాచిపెడుతుంది.

కాబట్టి ముందుగా రెండు ఊళ్ల ఉద్యోగులకూ ఒకే గుర్తింపు పట్టిక ఉండాలి. ఎల్‌డ్యాప్‌తో నడిచే ఉమ్మడి డైరెక్టరీ అందుకే. పెన్‌డ్రైవు తప్పనిసరైతే ఫైళ్లను టార్ మూటగా కట్టాలి. యజమాని పేరు, సంఖ్య, 640 అన్నీ ఆ మూటలోనే రాసి ఉంటాయి కనుక ఎక్స్‌ఫ్యాట్ వాటిని చెరపలేదు. అవతల నిర్వాహకుడి అధికారంతో విప్పితే అనుమతులు తిరిగి నిలుస్తాయి. అయితే మూట చేతికి చిక్కినవారెవరైనా విప్పి చదవగలరు, అందుకని ఎన్‌క్రిప్షను కూడా కావాలి.

చివరగా, కాపీ అయ్యాక హక్కులేని ఉద్యోగి ఖాతాతో ఆ ఫైలు తెరిచి చూడాలి. అది తెరుచుకోకపోతేనే పని పూర్తయినట్టు. కూలీ తన ఖాతా నంబరు ఇచ్చింది డబ్బు అందడానికే, దాన్ని పదిమంది చూడడానికి కాదు.