బ్లీచింగ్ ద్రావణం లెక్కగా కలపండి

"ఘాటుగా ఉంటేనే గదా సిస్టర్, క్రిములు చచ్చేది!" అంటూ ఒక తల్లి పొక్కిన చేతులు చూపించింది. నీళ్లు కలపకుండానే నేల తుడిచిందట.

అమ్మలారా, లెక్క సులువే. సీసా మీది శాతాన్ని కావలసిన శాతంతో భాగించండి. వచ్చినవి మొత్తం భాగాలు. అందులో ఒకటి మందు, మిగతావి నీళ్లు.

సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 శాతం అని ఉందనుకోండి. రక్తం పడిన చోటికి 0.5 శాతం కావాలి. 5ని 0.5తో భాగిస్తే 10. అంటే 100 మి.లీ. మందుకు 900 మి.లీ. నీళ్లు. మామూలు నేలకు 0.1 శాతం చాలు: 20 మి.లీ. మందుకు 980 మి.లీ. నీళ్లు.

చన్నీళ్లే వాడండి. గ్లౌజులు తొడుక్కోండి. ఏ రోజుకారోజే కలుపుకోండి. టాయిలెట్ యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.