కొల్లేటి కన్నా మనిషే పాత

ఏలూరు దాటి కొల్లేటి లంకలవైపు వెళ్తే దారి పొడుగునా చేపల చెరువులే. కొత్త చెరువు తవ్వేటప్పుడు పొక్లెయిన్ ఎత్తి పోసే నల్ల బంకమట్టిలో ఆదిమానవుడి ఎముకో, రాతి గొడ్డలో దొరుకుతుందని ఎదురుచూడక్కర్లేదు. ఆ మట్టికి అంత వయసు లేదు. 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. మంచు కరిగి నీరు పైకొచ్చి, 6, 7 వేల ఏళ్ల కిందట కుదుటపడ్డాకే కృష్ణా గోదావరులు ఒండ్రు పేర్చుకుంటూ ఇప్పటి డెల్టాలను ముందుకు తోశాయి. అప్పట్లో కడలి ఒడ్డు కొల్లేటి దరిదాపుల్లోనే ఉండేది. రెండు డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన పల్లమే ఈ సరస్సు. సముద్రం ఇప్పుడు సుమారు 35 కిలోమీటర్ల అవతల ఉంది. ఆ పాత చుట్టరికాన్ని ఉప్పుటేరు ఇంకా నిలబెడుతోంది.

ఆ నీటిలో వల విసిరే మనిషి మాత్రం ఈ నేలకన్నా ఎంతో పాతవాడు. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన మన జాతి పుర్రెలకు సుమారు 3 లక్షల ఏళ్లని 2017లో తేల్చారు. ముఖం దాదాపు మనదే. మెదడును కప్పే భాగం మాత్రం ఇంకా మనలా గుండ్రబడలేదు. మనిషి ఒక్కరోజులో మనిషి కాలేదని ఆ పుర్రెలు కళ్లకు కట్టినట్టు చూపిస్తాయి.

మనకు ఇంటిపేరు తండ్రి నుంచి వస్తుంది. అమ్మమ్మ వాళ్లమ్మ పేరు అడిగితే చాలామందిమి తడుముకుంటాం. ఒంట్లోని కణాలు ఆ వరుసను మరచిపోవు. మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి నుంచే బిడ్డకు అందుతుంది. దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే మనుషులందరి తల్లివరుసలూ ఆఫ్రికాలో కలుస్తాయని 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ చూపించారు. భారతీయుల్లో సగానికి పైగా 'ఎం' అనే ఒకే పెద్ద తల్లిశాఖకు చెందినవారు. దాని వయసు 50 వేల ఏళ్లకు తక్కువ ఉండదు. చాలా ఊళ్లలో, చాలా కులాల్లో ఆ శాఖ కొమ్మలే ఎక్కువ. ఈ ఒక్క విషయం మన బడిపిల్లలందరికీ తెలియాలని నా కోరిక.

మరి ఆ తొలి మనుషులు తెలుగునేలకు ఎప్పుడొచ్చారు? బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో తెల్లటి బూడిద పొర ఉంది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి పడిన బూడిద అది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం అక్కడ తవ్వితే పొర కిందా, పొర పైనా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఆ సంగతి ప్రకటించి, వాటిని మన జాతివారే చేసి ఉండొచ్చన్నారు. చాలామంది జన్యుశాస్త్రవేత్తలు ఒప్పుకోరు. ఇవాళ్టి ఆసియావారి పూర్వీకులు ఆఫ్రికా దాటింది 50, 70 వేల ఏళ్ల నడుమే అంటారు. పనిముట్లతోపాటు ఎముక దొరకలేదు కాబట్టి తగవు తెగలేదు. నా మొగ్గు జన్యువుల వైపే.

తొలి మనుషుల ఆనవాళ్ల కోసం కొల్లేటి బురదకన్నా తాడేపల్లిగూడెం ఎగువన, ఒండ్రు కప్పని ఎర్రనేలల మెట్టలో వెతకడం మేలు. ఆ తొలివాళ్లు తీరం వెంబడే నడిచొచ్చి ఉంటే మాత్రం, వాళ్ల బాట ఇప్పుడు బంగాళాఖాతం అడుగున ఉంది.